సొంత డిస్కుల బ్యాకప్: సినిమాలకు, గేములకు సాఫ్ట్‌వేర్ ఎంపిక

డబ్బు పెట్టి కొనుక్కున్న సినిమా డిస్కునో గేమ్ డిస్కునో, అది చెడిపోయినా చూసుకునేందుకు, ఆడుకునేందుకు వీలుగా నకలు తీసి దాచుకోవడమే డిస్క్ బ్యాకప్. పని చిన్నదే గానీ దానికోసం వచ్చిన సాఫ్ట్‌వేర్లకు లెక్కలేదు. ఏది మంచిదని వెతికేవారికి ముందుగా ఎదురయ్యేవి ప్రకటనలు. అసలు జవాబు మాత్రం డిస్కు దగ్గరే దొరుకుతుంది. చేతిలో ఉన్నది వీసీడీయా, డీవీడీయా, బ్లూరేయా, ప్లేస్టేషన్ డిస్కా? దానికి కాపీ చేయనివ్వని తాళం ఉందా? ఈ రెండూ తేలితే వాడాల్సిన సాఫ్ట్‌వేర్ ఏదో చాలావరకు తేలినట్టే.

సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లోని బొల్లారం లాంటి చోట్ల బీరువాల్లో, టీవీ స్టాండ్ల కింద 2000ల నాటి డిస్కులు ఇంకా ఉన్నాయి, వాటిని తిప్పే యంత్రాలే కనిపించకుండా పోతున్నాయి. కొత్త లాప్‌టాపుల్లో డిస్క్ డ్రైవ్ ఉండదు. బొల్లారం నుంచి లోతుకుంట, తిరుమలగిరి, కార్ఖానా దాటి పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, అంటే అందరూ సీటీసీ అనే కంప్యూటర్ల బజారుకు వెళ్తే యూఎస్‌బీకి తగిలించే డీవీడీ రైటర్ దొరుకుతుంది. సాఫ్ట్‌వేర్ గురించి ఆలోచించేముందు కొనాల్సింది అదే.

తెలుగిళ్లలో డిస్కులు అన్నేసి పోగుపడటానికి ధర ఒక కారణం. ఖాళీ డిస్కుల తయారీలో పేరుపడ్డ ఢిల్లీ కంపెనీ మోజర్ బేర్ 2007 ప్రాంతంలో సినిమాల వ్యాపారంలోకి దిగి వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మింది. అసలు డిస్కు ధర దొంగ డిస్కు ధరకు దిగొచ్చింది. దక్షిణాది భాషల సినిమాల హక్కులు పెద్ద ఎత్తున కొన్న ఆ కంపెనీ 2018లో లిక్విడేషన్‌కు వెళ్లింది. దాని డిస్కు గీతపడి ఆగిపోతే మార్చి ఇచ్చేవారు ఇప్పుడు ఎవరూ లేరు. ఆ రోజుల్లో వీసీడీగా వచ్చిన ఏ చిన్న సినిమా అయినా ఓటీటీలో దొరికి తీరుతుందన్న భరోసా కూడా లేదు.

డిస్కు ఎలా పాడవుతుందో తెలిస్తే ఏది ముందు కాపీ చేయాలో తెలుస్తుంది. సీడీ మందం 1.2 మిల్లీమీటర్లు. అందులో సమాచారం ఉన్న అల్యూమినియం పొర అడుగున కాకుండా పైన, బొమ్మ ముద్రించిన వైపు, పలచటి లక్క పూత కింద ఉంటుంది. అడుగున పడ్డ గీతను కొంతవరకు పాలిష్ చేసి బాగుచేయవచ్చు. బొమ్మ వైపు గోరుతో గట్టిగా గీకితే మాత్రం ఆ భాగం శాశ్వతంగా పోయినట్టే. డీవీడీలో 0.6 మిల్లీమీటర్ల పలకలు రెండు అంటించి సమాచారాన్ని మధ్యలో పెట్టారు కాబట్టి ఆ భయం తక్కువ. బ్లూరేలో సమాచారం అడుగు నుంచి కేవలం 0.1 మిల్లీమీటర్ లోతులో ఉంటుంది, అందుకే దానికి గట్టి పూత వేస్తారు. తుడిచేటప్పుడు మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవాలి. సమాచారం గుండ్రటి దారిలో సాగుతుంది కాబట్టి, గుండ్రంగా తుడిస్తే పడే గీత వరసగా ఎన్నో సెక్టార్లను చెరిపేస్తుంది.

కంపెనీ అచ్చువేసిన డిస్కు సంగతి ఇది. ఇంట్లోనో స్టూడియోలోనో రైట్ చేసిన డిస్కులో అచ్చు గుంటలు ఉండవు. లేజర్ వేడికి మారిన రంగు పొరే అక్కడ సమాచారం. వెలుతురుకూ వేడికీ తేమకూ ఆ రంగు క్రమంగా చెడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటి, ఆ వెంటనే వానలోకి జారే జంటనగరాల వాతావరణం దానికి పడదు. అందుకే పెళ్లి, ఓణీల ఫంక్షన్, పిల్లల పుట్టినరోజు డిస్కులను అన్నిటికంటే ముందు కాపీ చేయాలి. అవి ప్రపంచంలో ఇంకెక్కడా దొరకవు, వాటికి తాళమూ ఉండదు. వీడియోగ్రాఫర్ ఇచ్చిన డీవీడీలోని వీడియో_టీఎస్ ఫోల్డర్‌ను ఏ సాఫ్ట్‌వేరూ లేకుండానే హార్డ్ డిస్కులోకి లాగి పెట్టవచ్చు. మధ్యలో ఆగిపోయే డిస్కులకు మాత్రం జీఎన్‌యూ డీడీరెస్క్యూ కావాలి. ఉచితంగా దొరికే ఈ లినక్స్ ప్రోగ్రామ్ ముందు సులువుగా చదవగలిగినదంతా చదివేసి, మొరాయించిన చోట్లను ఒక మ్యాప్ ఫైల్లో రాసుకుని, తర్వాత వాటి దగ్గరికి మళ్లీ మళ్లీ వస్తుంది. అదే డిస్కును వేరే డ్రైవ్‌లో పెట్టి, అదే మ్యాప్ ఫైలు చూపిస్తే మిగిలిపోయిన సెక్టార్లకోసం మాత్రమే ప్రయత్నిస్తుంది. ఒక డ్రైవ్ చదవలేనిదాన్ని మరొకటి చదవడం తరచూ జరిగేదే. డబ్బిచ్చి కొనే సాఫ్ట్‌వేర్లలో ఈ ఓపిక ఉన్నవి అరుదు.

వీసీడీ పాత వస్తువే అయినా దాని దగ్గరే చాలామంది దెబ్బతింటారు. 1993లో వచ్చిన ఈ పద్ధతిలో చిత్రం ఎంపెగ్-1లో, పాల్ అనే టీవీ పద్ధతి ఉన్న మనలాంటి దేశాల్లో 352×288 చుక్కల్లో ఉంటుంది. ఒక డిస్కులో పట్టేది గంటకు కాస్త పైన. అందుకే తెలుగు సినిమా రెండు, ఒక్కోసారి మూడు డిస్కులయ్యేది. డిస్కు తెరిస్తే ఎంపెగ్‌ఏవీ అనే ఫోల్డర్‌లో డాట్ ఫైలు కనిపిస్తుంది. దాన్ని మామూలుగా కాపీ చేయబోతే మధ్యలో ఎర్రర్ వచ్చి ఆగడం ఎంతోమందికి అనుభవమే. మామూలు డేటా సీడీలో ప్రతి సెక్టారుకూ 2,048 బైట్ల సమాచారం, దాని వెంట తప్పులు దిద్దే అదనపు కోడ్ ఉంటాయి. వీసీడీ ఆ కోడ్‌ను వదులుకుని ఆ చోటునూ వీడియోకే ఇచ్చి, 2,324 బైట్లు పట్టిస్తుంది. ప్లేయర్ అయితే చిన్న తప్పును చతురస్రాల మరకగా చూపించి ముందుకు పోతుంది. విండోస్ పోనివ్వదు.

డిస్కు మొత్తాన్ని ఒకే ఫైలుగా దాచే ఐఎస్ఓ సెక్టారుకు 2,048 బైట్ల లెక్కన తయారయ్యేది కాబట్టి వీసీడీకి పనికిరాదు. సెక్టారు మొత్తాన్ని, అంటే 2,352 బైట్లనూ పట్టుకునే బిన్, క్యూ ఫైళ్ల జంటే కావాలి. ఐసోబస్టర్, జీఎన్‌యూ వీసీడీఇమేజర్ ఈ పని తెలిసినవి. అన్ని డిస్కులనూ ఒక్క బటన్‌తో ఐఎస్ఓ చేసిపెడతామని చెప్పే సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించాలంటే ఒక వీసీడీ చాలు.

డీవీడీ దగ్గర తాళం కథ మొదలవుతుంది. 1996లో జపాన్‌లో మార్కెట్‌కు వచ్చిన డీవీడీ ఒక పొరలో 4.7 జీబీ, రెండు పొరల్లో 8.5 జీబీ పడుతుంది (కంప్యూటర్ లెక్కలో మొదటిది 4.37గా కనిపిస్తుంది). సినిమా స్టూడియోలు దానికి సీఎస్ఎస్ అనే తాళం వేశాయి. తాళంచెవి పొడవు 40 బిట్లే. 1999లో డీసీఎస్ఎస్ అనే చిన్న ప్రోగ్రామ్ దాన్ని తెరిచింది. దాని వెనుక ఉన్నాడని నార్వే కుర్రాడు యోన్ లెక్ యోహాన్సెన్‌పై కేసు పెట్టారు. 2003లో కింది కోర్టు, అదే ఏడాది అప్పీలు కోర్టు కూడా అతణ్ని నిర్దోషి అన్నాయి. ఈరోజు వీఎల్‌సీ ప్లేయర్ ఆ తాళం ఉన్న డీవీడీలను కూడా అడ్డులేకుండా ఆడించగలుగుతోందంటే ఆ తర్వాత వచ్చిన లిబ్‌డీవీడీసీఎస్ఎస్ అనే లైబ్రరీయే కారణం.

అమెరికాలో గాలి వేరుగా వీచింది. డీవీడీ ఎక్స్ కాపీ అనే సాఫ్ట్‌వేర్ అమ్మిన 321 స్టూడియోస్ 2004 ఫిబ్రవరిలో కోర్టులో ఓడి, ఆగస్టుకల్లా మూతపడింది. ఉచితంగా దొరికే డీవీడీ డిక్రిప్టర్ 2005లో కాపీ రక్షణ కంపెనీ మాక్రోవిజన్ ఒత్తిడితో ఆగిపోయింది. తాళం తీసే భాగాన్ని వదిలేసి అదే రచయిత ఇమేజ్‌బర్న్ తెచ్చాడు. ఆంటిగ్వా నుంచి ఎనీడీవీడీ అనే తాళం తీసే ప్రోగ్రామ్ అమ్మిన స్లైసాఫ్ట్ 2016లో మూతపడగా ఆ ప్రోగ్రామ్‌ను రెడ్‌ఫాక్స్ అనే పేరుతో కొనసాగించారు. 2024లో అదీ మాయమైంది. ఈ చరిత్ర సాఫ్ట్‌వేర్ కొనేవారికి అచ్చంగా పనికొస్తుంది. కంపెనీ సర్వర్ నుంచి తాళంచెవులు తెచ్చుకుంటూ నడిచే సాఫ్ట్‌వేర్‌కు జీవితకాల లైసెన్స్ అంటే కంపెనీ జీవితకాలమే.

పాత పేర్లలో డీవీడీ ష్రింక్‌ను ఇప్పటికీ సిఫారసు చేసేవారున్నారు. 8.5 జీబీ సినిమాను 4.7 జీబీ ఖాళీ డిస్కులో ఇరికించడం దాని ప్రత్యేకత. చివరి వెర్షన్ 2004 నాటిది. హార్డ్ డిస్కులు టెరాబైట్లలో దొరికే కాలంలో బొమ్మ నాణ్యతను అలా పిండటం అర్థంలేని పని. ఇప్పుడు ఇంటి అవసరానికి రెండు పేర్లు గుర్తుంటే చాలు. మేక్‌ఎంకేవీ డిస్కులోని చిత్రాన్ని, శబ్దాన్ని, సబ్‌టైటిళ్లను ఏమీ మార్చకుండా ఎంకేవీ అనే ఒకే ఫైల్లోకి తీసి పెడుతుంది. డిస్కు మెనూలు మాత్రం రావు. హ్యాండ్‌బ్రేక్ ఆ ఫైలును చిన్నది చేస్తుంది. 2003లో ఎరిక్ పెటీ మొదలుపెట్టిన ఈ ఉచిత ప్రోగ్రామ్ 2016 డిసెంబరు 24న గాని 1.0 వెర్షన్‌కు చేరలేదు. ఇది స్వయంగా తాళాలు తీయదు.

ఈ రెంటిలో బ్యాకప్ అనిపించుకునేది మొదటిది చేసే పనే. హ్యాండ్‌బ్రేక్ చేసేది ఫోన్‌లోనో టీవీలోనో చూడటానికి వీలైన చిన్న ప్రతి. చిన్నది చేసిన తర్వాత పోయిన వివరం తిరిగి రాదు. పూర్తి ప్రతి ఉంటే రేపు మెరుగైన పద్ధతి వచ్చినప్పుడు మళ్లీ మార్చుకోవచ్చు. పెట్టెలోని 100 డీవీడీలన్నీ రెండు పొరలవే అయినా మొత్తం 850 జీబీకి మించవు, ఒక టెరాబైట్ హార్డ్ డిస్కులో పడతాయి. చోటు పొదుపు కోసం నాణ్యతను పణంగా పెట్టాల్సిన రోజులు పోయాయి.

తెలుగు డీవీడీలను హ్యాండ్‌బ్రేక్‌లో వేసేటప్పుడు ఒకటి రెండు చిక్కులున్నాయి. సినిమా తీసేది సెకనుకు 24 ఫ్రేముల్లో, పాల్ డీవీడీ నడిచేది 25లో. థియేటర్లో 150 నిమిషాలున్న సినిమా అలా వేగం పెంచిన డిస్కులో 144 నిమిషాలకే అయిపోతుంది. అంతమాత్రాన సీన్లు కోశారనుకోనక్కర్లేదు. ఇంకా ఇబ్బంది పెట్టేది ఇంటర్‌లేసింగ్. పాటల్లో, ఫైట్లలో మనిషి వేగంగా కదిలినప్పుడు అంచుల వెంట దువ్వెన పళ్లలాంటి గీతలు కనిపిస్తే డీఇంటర్‌లేస్ ఫిల్టర్ పెట్టాలి. నాణ్యతను నిర్ణయించే ఆర్ఎఫ్ అనే విలువను డీవీడీ స్థాయి చిత్రానికి 18 నుంచి 22 మధ్య ఉంచమని హ్యాండ్‌బ్రేక్ తయారీదారులే చెబుతారు. ఒకే డీవీడీలో మూడు సినిమాలు కుక్కి అమ్మిన డిస్కులను ఇంకా కుదించకపోవడమే మేలు. వాటిలో బొమ్మ అప్పటికే నలిగిపోయి ఉంటుంది.

ఇంతకీ ఇదంతా చేయవచ్చా? డిస్కు కాపీ అనగానే తెలుగువారికి గుర్తొచ్చేది పైరసీయే, అలా గుర్తురావడంలో తప్పేమీ లేదు. 2013 సెప్టెంబరులో ‘అత్తారింటికి దారేది’ విడుదలకు ముందే దాదాపు 90 నిమిషాల భాగం బయటపడి కృష్ణా జిల్లా పెడనలో డిస్కులుగా అమ్ముడైంది. నిర్మాతలు కంగారుపడి విడుదలను ముందుకు జరిపి సెప్టెంబరు 27నే సినిమాను థియేటర్లకు తెచ్చారు. సొంత డిస్కుకు ఇంట్లో వాడుకునే నకలు వేరే సంగతి. మన కాపీరైట్ చట్టం (1957) కూడా ఈ తేడాను గుర్తిస్తుంది.

సెక్షన్ 52 ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రామ్ ప్రతిని న్యాయంగా పొందినవారు అది పోకుండా, పాడవకుండా తాత్కాలిక రక్షణగా బ్యాకప్ తీసుకోవచ్చు. లాభాపేక్ష లేని సొంత వాడకానికి ప్రోగ్రామ్‌ను కాపీ చేసుకోవడాన్ని గురించి విడిగా ఇంకో నిబంధన ఉంది. గేమ్ డిస్కుకు ఆధారం ఇవే. సినిమాకు ఇంత సూటి మాట లేదు. 2012 సవరణ తర్వాత సొంత వాడకానికి జరిగే న్యాయమైన వినియోగం సినిమాలకూ వర్తించేలా మారింది. అదే సవరణ 65ఏ అనే సెక్షన్‌ను తెచ్చి, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో సాంకేతిక తాళాన్ని తప్పిస్తే రెండేళ్ల వరకు జైలు, జరిమానా అంది. ఆ ఉద్దేశం అన్న షరతు ముఖ్యమైంది. చట్టం స్పష్టంగా నిషేధించని పనికోసం తాళం తీయడాన్ని ఈ సెక్షన్ మినహాయించింది. ఇంకొకరికి తాళం తీసే సాయం చేసేవారు మాత్రం ఆ వ్యక్తి పేరు, చిరునామా, అవసరం వంటి వివరాలు రాసి ఉంచాలి. ‘కాపీ కొట్టి ఇస్తాం’ అనే దుకాణాల్లో అలాంటి పుస్తకం ఎవరైనా చూసి ఉంటారా అన్నది అనుమానమే. అమెరికాలో స్థిరపడ్డ బంధువులకు ఈ వెసులుబాటు లేదు. అక్కడి 1998 నాటి డీఎంసీఏ చట్టం తాళం తీయడాన్నే తప్పుగా చూస్తుంది, మినహాయింపులు చాలా పరిమితం.

గేమ్ డిస్కుల విషయంలో హైదరాబాద్‌కు సొంత ఉదాహరణలే ఉన్నాయి. 2009లో ఇక్కడి అరోనా టెక్నాలజీస్ ప్లేస్టేషన్ 2 కోసం ‘హనుమాన్: బాయ్ వారియర్’ తయారుచేసింది. అదే ఏడాది హైదరాబాద్‌కే చెందిన గేమ్‌శాస్త్ర కబడ్డీ, గాలిపటాలు, చిర్రగోనె లాంటి ఆటలతో ‘దేశీ అడ్డా’ తెచ్చింది. రెండూ సోనీ పేరు మీదే అమ్ముడయ్యాయి. ప్లేస్టేషన్ 2 తయారీ 2013 జనవరికి ఆగిపోయింది. 15 కోట్లకు పైగా అమ్ముడైన ఆ యంత్రం లేజర్ అరిగి ఒక్కొక్కటే మూలనపడుతున్నకొద్దీ ఈ నగరపు తొలి కన్సోల్ గేములు మిగిలేది అలాంటి డిస్కుల నకళ్లలోనే.

ప్లేస్టేషన్ 2 డిస్కును నకలు తీయడం సినిమా డీవీడీ కంటే తేలిక. చాలావరకు అవి డీవీడీలు, సీఎస్ఎస్ తాళం ఉండదు, ఇమేజ్‌బర్న్‌తో ఐఎస్ఓ తీస్తే సరిపోతుంది. అడుగు నీలంగా ఉంటే అది సీడీ. దానికీ, నల్లటి అడుగున్న మొదటి ప్లేస్టేషన్ డిస్కులకూ బిన్, క్యూ జంట కావాలి. ఆ గేముల్లో కొన్నిటి సంగీతం మామూలు ఆడియో ట్రాకుల్లోనే ఉంటుంది, ఐఎస్ఓ చేస్తే ఆ సంగీతం పోతుంది. ప్లేస్టేషన్ 2 నకలును కంప్యూటర్లో ఆడించే పీసీఎస్ఎక్స్2 వంటి ఎమ్యులేటర్‌కు సొంత యంత్రం నుంచి తీసిన బయోస్ ఫైలు కూడా అవసరం. సేవ్ చేసుకున్న ఆట డిస్కులో ఉండదు, మెమరీ కార్డులో ఉంటుంది. దాన్ని విడిగా కాపీ చేయాలి.

నకలు సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది? సినిమాకైతే చూసి తెలుసుకోవాలి. గేములకు రీడంప్ అనే ఔత్సాహికుల జాబితా ఉంది. వేలాది డిస్కుల చెక్‌సమ్‌లు, అంటే ఫైలులోని ప్రతి బైటునూ లెక్కగట్టి తేల్చిన సంఖ్యలు అందులో ఉంటాయి. ఇంట్లో తీసిన నకలు సంఖ్య దానితో సరిపోలితే ఒక్క బిట్ కూడా తప్పుపోలేదన్నమాట.

పీసీ గేములది మరో బాధ. సేఫ్‌డిస్క్ అనే రక్షణ ఉన్న గేములు నడవాలంటే విండోస్‌లో దాని డ్రైవర్ ఉండాలి. 2015లో విండోస్ 10 ఆ డ్రైవర్‌ను వదిలేసింది, పాత విండోస్‌లలోనూ అదే ఏడాది భద్రతా కారణాలతో ఆపేశారు. డిస్కు అద్దంలా మెరుస్తున్నా గేమ్ తెరుచుకోదు. దానికి కాపీ సాఫ్ట్‌వేర్ ఏమీ చేయలేదు. పాత విండోస్ ఉన్న కంప్యూటర్ ఒకటి దాచుకోవడమో, అదే గేమును ఏ రక్షణా లేకుండా అమ్మే జీఓజీ లాంటి చోట మళ్లీ కొనడమో దారి. ప్లేస్టేషన్ 4, 5 డిస్కుల నుంచి ఇంట్లో వాడదగిన నకలు తీసే మామూలు మార్గమే లేదు. పైగా ఇప్పటి గేముల్లో చాలావాటికి డిస్కు కొన్న రోజే పెద్ద అప్‌డేట్ దిగాలి, వాటి డిస్కులో ఉన్నది పూర్తి సరుకు కాదు.

సాఫ్ట్‌వేర్‌ను ఎక్కడినుంచి దించుకుంటున్నారన్నది, ఏది దించుకుంటున్నారన్నదాంతో సమానం. డీవీడీ డిక్రిప్టర్ పేరుతో దొరికే వెబ్‌సైట్లు ఏవీ దాని రచయితవి కావు. ఇమేజ్‌బర్న్ 2013 నాటి చివరి వెర్షన్ ఇన్‌స్టాలర్‌లో ప్రకటనల తోకలు ఉన్నాయి, ప్రతి తెర చదివి వద్దనాలి. అసలు వెబ్‌సైటు కూడా పూర్తిగా నమ్మదగింది కాదని 2017 మే నెలలో తేలింది. హ్యాండ్‌బ్రేక్ డౌన్‌లోడ్ సర్వర్లలో ఒకదాన్ని ఎవరో చొరబాటుదారులు పట్టుకుని, మాక్ వెర్షన్ స్థానంలో ప్రోటాన్ అనే గూఢచారి ప్రోగ్రామ్‌ను నాలుగు రోజుల పాటు ఉంచారు. ఆ సర్వర్ నుంచి దించుకున్నవారిలో చెక్‌సమ్ సరిచూసుకుంటే తప్పించుకునే వీలుండేది.

బ్లూరే ఉన్నవారి సంఖ్య మన దగ్గర తక్కువే, కానీ ఉన్నవారికి చిక్కులు ఎక్కువ. డిస్కు 25 లేదా 50 జీబీ, తాళం పేరు ఏఏసీఎస్, దేశాలను ఏ, బీ, సీ అని మూడు ప్రాంతాలుగా విడదీశారు. భారత్ సీలో ఉంటే జపాన్ ఏలో ఉంది. కాబట్టి ‘బాహుబలి’ జపాన్ బ్లూరే తెప్పించుకున్న అభిమాని ఇంటి ప్లేయర్లో అది తెరుచుకోకపోవచ్చు. 2016లో వచ్చిన 4కే డిస్కులకు ప్రాంతాల గొడవ లేదు గానీ తాళం గట్టిది. కంప్యూటర్లో వాటిని అధికారికంగా ఆడించడానికి ఇంటెల్ చిప్పులోని ఎస్‌జీఎక్స్ అనే భాగం కావాలి. 11వ తరం నుంచి ఇంటెల్ దాన్ని మామూలు చిప్పుల్లోంచి తీసేసింది. మేక్‌ఎంకేవీ కూడా కొన్ని డ్రైవ్ మోడళ్లతోనే, అందులోనూ కొన్ని ఫర్మ్‌వేర్ వెర్షన్లతోనే 4కే డిస్కులను చదువుతుంది. సీటీసీలో బ్లూరే డ్రైవ్ అడిగేటప్పుడు బ్రాండ్ చెబితే చాలదు, మోడల్ నంబరు రాసుకుని వెళ్లాలి.

నకళ్లను తిరిగి ఖాళీ డిస్కుల మీద రైట్ చేసి దాచుకునే అలవాటుకు సరుకే కరువవుతోంది. రైట్ చేసే బ్లూరే డిస్కుల తయారీని సోనీ 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. హార్డ్ డిస్కులు రెండు కొని, ఒకే సమాచారాన్ని రెండింటిలో పెట్టి, రెండోదాన్ని వేరే ఇంట్లో ఉంచడం ఇప్పుడున్నవాటిలో చవకైన పద్ధతి. అసలు డిస్కులను అమ్మేసినా ఇచ్చేసినా ఆ నకళ్లకు చట్టం ఇచ్చిన ఆసరా పోతుంది, కాబట్టి పాత పెట్టె అటక మీదే ఉండాలి.